నత్త గడ్డం కింద సొట్ట

పోయినవారం మనం చిన్నకోడల్ని నవ్వుతూ వదిలేసి వచ్చాం. ఇంటిల్లిపాదీ ఆమెను దొంగను చూసినట్టు చూస్తుంటే ఆ నవ్వెలా వచ్చిందా అని మీలో కొందరు వారమంతా బుర్ర బద్దలు కొట్టుకునే ఉంటారు. ఆ సంగతికే వస్తున్నాను.

కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం జరిగింది రెండు ముక్కల్లో చెబుతాను. చాక్లెట్ గుడ్లు చేసి, వాటిలో బొమ్మలు దాచి అమ్మే ఇల్లది. ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. గుడ్డులో ఏ బొమ్మ దాక్కుంటుందో బొమ్మ చేసేవాళ్ళకు తప్ప మరో మనిషికి తెలియకూడదు. తయారయ్యాక ఇంటివాళ్ళందరూ రుచిగదిలో బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక గుడ్డు పట్టుకుని ఒక్కసారే పగలగొట్టాలి. అప్పుడే అందరూ మొదటిసారి చూడాలి. ఇది అత్తగారు పెట్టిన నియమం. "మనకే ఆశ్చర్యం లేకపోతే పిల్లలకు ఎక్కణ్ణించి వస్తుంది" అనేది ఆవిడ వాదన. ఈసారి చిన్నకోడలు నత్తను చేసింది. ఒళ్ళు, గుల్ల, కింద బుల్లి చక్రం. వాలుగా ఉన్న చోట పెడితే తనంతట తనే తాపీగా నడుచుకుంటూ దిగుతుంది. గుడ్లు తయారై గోదాము నిండిపోయింది, దుకాణాల్లో నత్త బొమ్మ ఉన్న అట్టలు కూడా కట్టేశారు. సరిగ్గా అప్పుడు అత్తగారి తమ్ముడు వచ్చాడు. ఎదురు వీధిలో పోటీ ఫ్యాక్టరీ పెట్టి, అక్కతో మాటలు మానేసి, ఏళ్ళ తరబడి ఈ గడప తొక్కని మనిషి. తన గుడ్డులో వచ్చే నత్తను తెచ్చి బల్లమీద పెట్టాడు. చక్రం ఒక్కటే లేదు గానీ అచ్చం అదే నత్త. "మాది ముందే బజార్లో ఉంది. మీ సరుకు వెనక్కి తీసుకోండి" అన్నాడు.

పగలగొట్టే రోజుదాకా నత్త సంగతి తెలిసింది చిన్నకోడలికి ఒక్కదానికే. అందుకని బావగారు తేల్చేశారు. వాళ్ళది చూసి చేసిందో, చేసి వాళ్ళకి అమ్ముకుందో, రెండింటిలో ఏదో ఒకటి. అత్తగారు ఏమీ అనకుండా చెయ్యి చాచి బొమ్మలగది తాళంచెవి తీసేసుకున్నారు. అప్పుడే చిన్నకోడలు ఆ నత్తను చేతిలోకి తీసుకుంది. బొటనవేలు దాని గడ్డం కిందికి వెళ్ళింది. నవ్వింది. "రేపు పొద్దున ఇక్కడే చెప్తాను. మావయ్యగారూ, మీ గుడ్లది సీలు తియ్యని డబ్బా ఒకటి తెండి" అంది. అక్కడ ఆగాం.

తెల్లారింది. ఆ నవ్వు కూడా ఆవిరైపోయింది. రుచిగదిలో తెల్లటి పలకల గోడలు, పొడుగాటి స్టీలు బల్ల, కిటికీలోంచి చూస్తే బయట వరసగా వ్యాన్లు. వాటి తలుపులు తెరిచే ఉన్నాయి గానీ లోపల ఒక్క డబ్బా కూడా ఎక్కలేదు. ఈ పూట ఆమె మాట నెగ్గితే డబ్బాలు వ్యాన్లు ఎక్కుతాయి. నెగ్గకపోతే గుడ్లన్నీ కరిగి తిరిగి చాక్లెట్ పాకంలోకి వెళ్తాయి, ఆమె బొమ్మలగదిలో ఇంకెవరో కూర్చుంటారు. గది పోయినా బతకొచ్చు. ఈ ఇంట్లో దొంగ అన్న పేరుతో మాత్రం బతకలేనని ఆమెకు తెలుసు.

అత్తగారి తమ్ముడు, ఆ మావయ్య, ఎప్పటిలాగే తళతళలాడుతూ వచ్చాడు. బూట్లు తళుకు, టై పిన్ను తళుకు, ఆఖరికి బట్టతల కూడా తళుకే. తన గుడ్లకు కళ్ళు చెదిరే రేకు కాగితం చుట్టిస్తాడు కాబట్టి అందరూ ఆయన్ని తళుకుల మావయ్య అంటారు. ఆ రేకు లోపలి చాక్లెట్ మాత్రం నోట్లో మైనంలా కరక్క కూర్చుంటుందని గిట్టనివాళ్ళు చెప్పుకుంటారు. ఈ ఇంట్లో గిట్టేవాళ్ళు ఎవరూ లేరు.

"అడిగావుగా అమ్మాయ్, తెచ్చాను" అంటూ డబ్బా బల్లమీద పెట్టాడు. "సీలు కూడా ముట్టుకోలేదు. కావాలంటే అక్కే తియ్యొచ్చు."

అక్క తమ్ముడి వైపు చూడలేదు. తాళాల గుత్తి ఒళ్ళో పెట్టుకుని, బల్ల మొదట్లో ఉన్న కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. బావగారు సీలు చింపారు. ఆయనకు ఓపిక అనేది పుట్టుకతోనే రాలేదు. గుడ్లు పగలగొట్టాక కొత్త బొమ్మ విడిభాగాలు ముందు ఆయన చేతిలోనే పెడతారు, కాగితం చూడకుండా ఆయన బిగించగలిగితే లోకంలో ఏ పిల్లవాడైనా బిగించగలడని లెక్క. చిన్నకోడలి నత్తను ఆయన ఒక్క తిట్టు కూడా తిట్టకుండా బిగించారు. ఆ రోజు ఆమెకు పట్టరాని సంతోషమేసింది. అదే మనిషి నిన్న ఆమెను దొంగ అన్నాడు.

"మన పద్ధతిలోనే చేద్దాం బావగారూ. తలా ఒకటి తీసుకోండి" అంది చిన్నకోడలు.

"పరాయివాడి గుడ్లకి మన పద్ధతేంటి?"

"మన నత్త లోపలుందంటున్నారుగా. మన పద్ధతే."

అత్తగారు ముందు చెయ్యి చాచి ఒక గుడ్డు తీసుకున్నారు. అందరూ ఒక్కసారే పగలగొట్టారు. చాక్లెట్ పెంకులు చిట్లిన చప్పుడుకు మామూలుగా ఆ గదిలో నవ్వులు రేగుతాయి, ఈసారి దగ్గు కూడా వినిపించలేదు. నత్తలు బయటికొచ్చాయి. చిన్నకోడలు ఒక్కొక్క దాన్ని తీసి బల్లమీద వెల్లకిలా పడుకోబెట్టింది. గడ్డం కింద చూసింది. మొదటిదానికి ఉంది. రెండోదానికి ఉంది. అన్నిటికీ ఉంది.

"మావయ్యగారూ," గొంతులో తేనె పోసుకుని అడిగింది, "నత్త గడ్డం కింద ఇదేమిటండీ, చిన్న గుంటలా ఉంది?"

మావయ్య కళ్ళజోడు సవరించుకుని ఒక నత్తను పైకెత్తి చూశాడు. ఆ గుంటను ఆయన చూడటం అదే మొదటిసారి అని మనకి తెలుస్తూనే ఉంది. కానీ తన బొమ్మ గురించి తనకు తెలియదని ఒప్పుకునే ఘటం కాదాయన.

"అదా. సొట్ట."

"కావాలని పెట్టించారా?"

"లేకపోతే ఊరికే వస్తుందా? నేనే దగ్గరుండి పెట్టించాను. కొందరు పిల్లలకి బుగ్గన ఉండదూ, చూడగానే ముద్దొస్తుంది. నత్తకి బుగ్గలేవి? అందుకని గడ్డం కింద పెట్టమన్నాను."

"అన్నిటికీ ఉంటుందా?"

"అన్నిటికీ. అది మా గుర్తనుకో."

"మా నత్తకి లేదే మరి."

"కాపీ కొట్టేవాళ్ళ కంటికి అంత సూక్ష్మం ఆనదమ్మాయ్." మావయ్య కుర్చీలో వెనక్కి వాలాడు. "చక్రం తగిలిస్తే సరిపోతుందనుకున్నారు."

బావగారు రెండు నత్తల్నీ పక్కపక్కన పెట్టి చూసి పెదవి విరిచారు. "వాళ్ళదానికి గుర్తుంది, మనదానికి లేదు. ఇంకా ఏం చెప్తావమ్మా?"

"చెప్పను బావగారూ. చూపిస్తాను."

ఏప్రన్ జేబులోంచి తన అచ్చు తీసింది. నత్త ఒంటి అచ్చు, రెండు దొప్పలుగా విడిపోయేది. దాన్ని భర్త ముందు పెట్టింది. చిన్నకొడుకు పని చాక్లెట్ కరిగించడం. మనిషి మంచివాడే గానీ నోట్లోంచి మాట రావాలంటే ముందు దరఖాస్తు పెట్టుకోవాలి. నిన్న బావగారు అన్ని మాటలంటుంటే ఆయన తన చెప్పులవైపు చూస్తూ నిలబడ్డాడు. అప్పట్నించి చిన్నకోడలు ఆయనతో మాట్లాడలేదు, మంచినీళ్ళ గ్లాసు కూడా ఠక్కున పెట్టి వెళ్ళిపోయింది.

"ఇందులో చాక్లెట్ పొయ్యండి" అంది, ఆయన మొహం చూడకుండా.

ఆయన గబగబా వెళ్ళి చిన్న గిన్నెలో పాకం తెచ్చాడు. నత్త పాదం వైపున్న కన్నంలోంచి సన్నటి ధారగా పోశాడు. అచ్చు నిండగానే పైకెత్తి బల్లకేసి కొట్టాడు. టక్, టక్, టక్.

"అయ్యో, తట్టొద్దు" అంది చిన్నకోడలు.

ఆయన చెయ్యి గాల్లో ఆగిపోయింది. "చెప్పొద్దూ. చెయ్యి దానంతటదే కొట్టేసింది."

మావయ్య పకపకా నవ్వాడు. బావగారు నుదురు కొట్టుకున్నారు. చిన్నకోడలు ఆ అచ్చు వైపు చూసింది. తర్వాత ఆలోచించింది. "పోన్లెండి, అదీ మంచిదే. అదలా ఉండనివ్వండి. ఇంకో అచ్చుంది, ఈసారి చేతులు కట్టుకుని పొయ్యండి."

"చేతులు కట్టుకుని ఎలా పోస్తారే?" అన్నాడు ఆయన, పాపం నిజంగానే.

అత్తగారి పెదవి కొసన ఏదో కదిలినట్టనిపించింది. రెండో అచ్చును చిన్నకొడుకు పిల్లాణ్ణి ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు అతి జాగ్రత్తగా తీసుకెళ్ళి కూలింగ్ అల్మారాలో పెట్టాడు. మొదటిది దాని పక్కనే పెట్టాడు.

చాక్లెట్ గట్టిపడేదాకా కూర్చోవాలి. ఆ కాసేపూ ఆ గదిలో కూర్చోవడం ఎవరి తరమూ కాలేదు. బావగారు కిటికీ దగ్గరికీ బల్ల దగ్గరికీ తిరిగారు. డ్రైవర్లు వచ్చి తలుపులోంచి తొంగిచూసి వెళ్ళారు. మావయ్య తన నత్తల్ని వరసలో నిలబెట్టుకుని, మధ్యమధ్య ఒకదాని గడ్డం నిమురుతున్నాడు. చిన్నకోడలు గోడను చూస్తోంది. బుడగ రాకపోతే? ఆ రోజు వచ్చిందని ఇవాళా వస్తుందని ఏముంది?

భర్త ఆమె పక్కకు వచ్చి నిలబడ్డాడు. "వస్తుంది" అన్నాడు మెల్లగా.

"ఏంటి?"

"నువ్వనుకుంటున్నదే. గడ్డం వంపులో గాలి ఇరుక్కుంటుంది. తట్టకపోతే దానికి బయటపడే దారి లేదు. వచ్చి తీరుతుంది."

"మీకెప్పుడు తెలిసింది?"

"సొట్ట అని ఆయన అన్నప్పుడు." చెప్పులవైపు చూస్తూ, "నిన్న నేను మాట్లాడాల్సింది" అన్నాడు.

ఆమె గోడను చూడటం మానేసింది.

అచ్చులు బల్లమీదికి వచ్చాయి. ముందు తట్టినదాన్ని విప్పింది. నున్నటి నల్లని నత్త, గడ్డం కింద గీత కూడా లేదు. అందరికీ చూపించి పక్కన పెట్టింది. రెండోదాని దొప్పలు పట్టుకుంది. విప్పింది. నత్త నిగనిగలాడుతూ బయటికి జారింది. దాన్ని వెల్లకిలా తిప్పి బావగారి అరచేతిలో పెట్టింది.

బావగారు చూశారు. తర్వాత మావయ్య నత్తను చూశారు. మళ్ళీ చాక్లెట్ నత్తను చూశారు. గడ్డం కింద, అదే వంపులో, అదే గుంట.

"ఇదేంటి?" అన్నారు.

"బుడగ బావగారూ. ఉట్టి గాలిబుడగ." అంది చిన్నకోడలు. "చాక్లెట్ పోశాక తట్టకపోతే వచ్చే లోపం. ఇది మనలాంటి ఇళ్ళలోనే వస్తుంది. ఇంకెక్కడైనా బొమ్మ నమూనా మైనంతోనో మట్టితోనో చేస్తారు. నేను చాక్లెట్‌తో చేస్తాను. ఎందుకంటే ఇంట్లో ఎప్పుడూ పాకం ఉంటుంది, పైగా నమూనా బాగోకపోతే తినెయ్యొచ్చు. బాగున్నా తినేస్తాను, ఎవరి కంటా పడకూడదు కాబట్టి. ప్లాస్టిక్ బొమ్మకి చాక్లెట్ బుడగ ఎలా వస్తుంది? నా చాక్లెట్ నత్త మీద అచ్చు తీస్తే వస్తుంది. నా నత్తని ఎవరో ఈ ఇంట్లోంచి తీసుకెళ్ళారు. దాని మీదే అచ్చు పోశారు. దాని లోపాన్ని కూడా వదల్లేదు. అన్ని గుడ్లలోనూ అదే బుడగ. దాన్ని మావయ్యగారు గుర్తన్నారు. నిజమే, గుర్తే. కానీ అది మాది."

"కాకతాళీయం" అన్నాడు మావయ్య. బట్టతల మీద తళుకు ఇప్పుడు చెమటది.

ఇప్పుడు ఎవరూ అడక్కుండానే చిన్నకొడుకు కదిలాడు. తమ నత్త గుల్ల తీసి మావయ్య నత్త మీద పెట్టాడు. అది వదులుగా అటూ ఇటూ ఊగింది. "చాక్లెట్ గట్టిపడితే కుంచించుకుపోతుంది మావయ్యా. అందుకే అచ్చులోంచి ఊడివస్తుంది. నీకు తెలియంది కాదు, ఆ పని నీ దగ్గరే నేర్చుకున్నాను చిన్నప్పుడు. కుంచించుకుపోయినదాన్ని చూసి చేశావు కాబట్టి నీ నత్త చిన్నదైంది. మా గుల్ల దానికి పెద్ద." ఊపిరి తీసుకున్నాడు. ఆయన జన్మలో ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడింది అప్పుడే. "ఒంటికీ గుల్లకీ నమూనా ఉంది, చక్రానికి లేదు. చాక్లెట్ చక్రం తిరగదు కాబట్టి ఆవిడ చెయ్యలేదు. అందుకే నీ నత్తకి నడక రాలేదు."

బల్లమీద ఉన్న ట్రేను కాస్త వాలుగా ఎత్తిపట్టాడు. రెండు నత్తల్నీ పైన పెట్టాడు. ఒకటి తాపీగా నడుచుకుంటూ దిగి చిన్నకోడలి చేతివేళ్ళ దగ్గర ఆగింది. రెండోది పెట్టిన చోటే సొట్ట చూపించుకుంటూ పడి ఉంది.

తలుపు దగ్గర గుమిగూడిన డ్రైవర్లలో ఎవరో ఈల వేశారు. బావగారు అటు తిరిగి "ఏంటలా చూస్తున్నారు, డబ్బాలు ఎక్కించండి" అని గసిరారు. ఆ గసురు విని చిన్నకోడలికి ఏడుపొచ్చినంత పనైంది. బావగారు ఆమె దగ్గరికి వచ్చి, చెవులు ఎర్రబడి, "అమ్మా, నేను నిన్న అన్నమాట..." అని మొదలుపెట్టారు. పూర్తిచెయ్యడం ఆయన వల్ల కాలేదు. ఓపికలేని మనిషి కదా. "తప్పయింది" అని ఒక్క ముక్కలో ముగించారు. ఆ ఒక్క ముక్క చాలనిపించింది ఆమెకు. బయట వ్యాన్లలోకి డబ్బాలు ఎక్కుతున్న చప్పుడు వింటూ తల పైకెత్తుకుని నిలబడింది. ఆ చప్పుడు అంత బాగుంటుందని ఆమెకు అంతకుముందు తెలియదు.

అత్తగారు గుత్తిలోంచి బొమ్మలగది తాళంచెవి విడదీసి, లేచి వచ్చి, చిన్నకోడలి అరచేతిలో పెట్టి వేళ్ళు మూశారు. ఆవిడ చెయ్యి చల్లగా ఉంది. "నీది నువ్వు తీసుకో అమ్మాయ్" అన్నారు.

మావయ్య తన నత్తల్ని ఏరుకోకుండానే లేచాడు.

"రేపట్నించి దుకాణాల్లో మీ గుడ్లు కనిపించకూడదు" అన్నారు బావగారు.

"కనిపించవులే."

"నత్త నీకెలా వచ్చిందో చెప్పి వెళ్ళు."

మావయ్య గుమ్మం దగ్గర ఆగాడు. చిత్రం ఏమిటంటే ఆయన మొహంలో ఓడిపోయినవాడి కోపం లేదు. అక్కవైపు చూశాడు. వచ్చినప్పటినుంచి ఆయన్ని చూడని అక్క కూడా అప్పుడు చూశారు. "ఆ మాట నన్ను అడక్కురా. వస్తానక్కా" అని బూట్ల చప్పుడు చేసుకుంటూ వెళ్ళిపోయాడు.

బావగారు చిన్నకోడలి వైపు తిరిగారు. "అయితే దొంగ ఇంట్లోనే ఉన్నాడన్నమాట. అమ్మా, నువ్వు తట్టకుండా పోసిన నత్తలు ఎన్నున్నాయి?"

చిన్నకోడలి గెలుపు అక్కడ కాస్త తడబడింది. ఈ ప్రశ్న వస్తుందని నిన్న బొటనవేలు ఆ గుంటను తాకినప్పుడే ఆమెకు తెలుసు. అందుకే నవ్వు తర్వాత నిద్ర పట్టలేదు.

"ఒక్కటే."

"ఎందుకు తట్టలేదు?"

"ఆ మధ్యాహ్నం అత్తయ్యకి తలనొప్పి. పక్కగదిలో పడుకున్నారు. తడితే గోడ అదురుతుంది."

"దాన్ని నువ్వు తిన్నావా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఎవరికైనా ఇచ్చావా?"

ఆమె తాళంచెవిని గట్టిగా పట్టుకుని నేలవైపు చూసింది. ఎవరికిచ్చిందో చెప్పనని మాటిచ్చింది. నిన్న ఇల్లంతా దొంగ అంటున్నప్పుడు కూడా ఆ మాట దాటలేదు. ఇవాళ గెలిచాక దాటుతుందా?

"చెప్పవే" అన్నాడు భర్త, బతిమాలుతున్నట్టు.

"దాన్ని వేధించకండిరా." అత్తగారు మళ్ళీ తన కుర్చీలో కూర్చున్నారు. ఈసారి నిటారుగా కూర్చోలేదు. "ఆ మధ్యాహ్నం నేనే బొమ్మలగది తలుపు తట్టాను. చూడకూడదని మీ అందరికీ నియమం పెట్టినదాన్ని నేనే చెయ్యి చాచి అడిగాను. ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకున్నాను. నిన్న దాన్ని మీరు అన్ని మాటలంటుంటే నోరు మూసుకుని తాళంచెవి కూడా లాక్కున్నాను."

"నువ్వా?" బావగారు బల్ల అంచు పట్టుకున్నారు. "అయితే ఆ నత్త నీ దగ్గర్నించి మావయ్య కొట్టేశాడా?"

"వాడు దొంగ కాదురా." అత్తగారు కిటికీలోంచి, వ్యాన్లు దాటి, ఎదురు వీధి వైపు చూశారు. "ఆ రోజు వాణ్ణి ఎవరికీ తెలియకుండా ఈ ఇంటికి పిలిపించింది నేనే. నత్తను వాడి చేతిలో పెట్టింది కూడా నేనే."